దించిన శ్రుతి

నేను పిరికివాణ్ణి. ఈ సంగతి మా ఎలీషబా పెళ్ళయిన మూడో రోజే కనిపెట్టి పల్లె అంతా టముకు వేసింది. ఉరిమితే ప్రార్థన మొదలుపెడతాను, బల్లి మీద పడితే జ్వరం తెచ్చుకుంటాను. అలాంటి నన్ను ఇరవై రెండేళ్ళపాటు ప్రతి శనివారం అయిదారు వందలమంది ఎదుట హార్మోనియం ముందు కూర్చోబెట్టిన మొనగాడు ఒక్కడే. గిద్దలూరు వీరాంజనేయులు సెట్టిగారు.

ఆయన తండ్రి శెనక్కాయల వ్యాపారి. కొడుకు మాత్రం పదహారో ఏట నాటకాల కంపెనీ వెంట పారిపోయి, జర్మనీ యుద్ధం ఆగిన మరుసటేడు తిరిగొచ్చాడు. తండ్రి పోయాక, కాయలు పోసుకునే కొట్టం ఖాళీ చేయించి, ఒక పక్క మట్టి అరుగు కట్టించి, శనివారం దీపాలు పెట్టే వేళకు పాడటం మొదలుపెట్టాడు. టిక్కెట్టు అణా. 'సెట్టి పాటక్కూడా ధర కట్టినాడే' అని బజారంతా నవ్వింది. నవ్వనీ! ఆ నవ్వినవాళ్ళ కొడుకులే తరువాత చోటు కోసం తువ్వాళ్ళు పరుచుకుని కొట్లాడుకున్నారు. కలరా వచ్చింది, రెండు కరువులు వచ్చాయి, మార్కాపురంలో డేరా వేసి బొమ్మలాట సినిమాలు ఆడించారు. పాటల కొట్టంలో ఒక్క శనివారం తప్పలేదు. కంభం నుంచి రైల్లో, కనిగిరి నుంచి, త్రిపురాంతకం నుంచి బండ్లు కట్టుకుని వచ్చేవాళ్ళు జనం.

ఎందుకొచ్చేవాళ్ళంటే, అక్కడ ఒక కట్టుబాటు ఉంది. పద్యం నచ్చి ఎవరైనా 'వన్స్‌మోర్' అని అరిస్తే కాదనకూడదు. పెద్ద పెద్ద కంపెనీల వాళ్ళు రెండుసార్లకే మొహం చిట్లిస్తారు. సెట్టిగారు అయిదుసార్లయినా పాడతాడు, అదీ ప్రతిసారీ ముందుకన్నా బాగా. బండ్లు తోలేవాడు అరిచినా అంతే, తాసీల్దారు అరిచినా అంతే. ఆయన గొప్ప పద్యం ఒకటి ఉంది, బడిపంతులెవరో రాసిచ్చింది, యుద్ధంలో కొడుకును పోగొట్టుకున్న తండ్రి ఏడుపు. దాని చివరి పాదాన్ని పై షడ్జంలో నిలబెట్టి రాగం తీస్తే కొట్టం కప్పు రేకులు గణగణలాడేవి. అది పాడకుండా శనివారం ముగిసేది కాదు.

నేను మిషన్ బడిలో హార్మోనియం నేర్చుకున్నవాణ్ణి. ఆదివారం పొద్దున గుళ్ళో కీర్తనలు, శనివారం సాయంత్రం కొట్టంలో పద్యాలు. సెట్టిగారికి నా చేతులంటే ప్రాణం. అయినా అందరికీ కాఫీ ఇత్తడి గ్లాసుల్లో వస్తే, నా గ్లాసు కొట్టం బయట చూరులో దోపి ఉండేది. నేనే దించుకుని, నేనే కడుక్కుని, మళ్ళీ దోపేవాణ్ణి. అదంతే. అప్పుడు దాని గురించి కోపం తెచ్చుకునేంత ధైర్యం కూడా నాకు లేదు.

యుద్ధం మళ్ళీ వచ్చిన రెండో ఏడు, మాఘమాసంలో ఒక మధ్యాహ్నం సెట్టిగారి భార్య భ్రమరాంబమ్మ మా పల్లెకు వచ్చింది. కోమట్ల ఇల్లాలు ఒంటరిగా, కాలినడకన, మా పల్లెకు! నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఎలీషబా మంచం వాల్చింది. ఆమె కూర్చోలేదు, వాకిట్లో వేపకొమ్మ పట్టుకుని నిలబడింది.

"శాంతయ్యా, మీ సెట్టిగారు కర్నూలు పోయి డాక్టరుకు చూపిచ్చుకోనొచ్చినాడు. ఫోటో తీసినారంట. గుండె మీంచి వచ్చే పెద్ద నరం బుడగ మాదిరి ఉబ్బిందంట. గొంతు బిగబట్టి పైకి పాడితే ఎప్పుడన్నా పగిలిపోతాదంట. పగిలితే ఇంక మనిషి దక్కడంట."

"పాడొద్దని చెప్పకపోయినారా తల్లీ?"

"చెప్పినా. కాళ్ళ మీద పడినా. నేను పాడకపోతే కొట్టం మూతపడతాది, కొట్టం మూతపడితే నేను బతికి ఏం జేసేది అంటాండాడు. నువ్వు ఆ హార్మోనియం పెట్టె పగలగొట్టు శాంతయ్యా. నీ కాళ్ళు పట్టుకుంటా."

పెట్టె పగిలితే వేరేది తెప్పిస్తాడు. అది కూడా పగిలితే పెట్టె లేకుండానే పాడతాడు. ఆ మాటే చెప్పాను. ఆమె మొహం తెల్లగా పాలిపోయింది. ఆ చివరి పాదంలో ఆయన మెడ నరాలు ఎట్లా ఉబ్బుతాయో ఇరవై రెండేళ్ళుగా చూస్తున్నవాణ్ణి నేనే కదా.

అప్పుడు నోరు విప్పింది మా ఎలీషబా. "గుళ్ళో ముసలోళ్ళకు పైకి అందకపోతే నువ్వు కీర్తన కిందికి దించి వాయించవా? వాళ్ళకు తెలుస్తాందా ఏంది? మా అత్త ఇప్పటికీ తన గొంతు పదారేండ్ల గొంతు అనుకుంటాది."

శ్రుతి అంటే పాట నిలబడే మెట్టు. మెట్టు కిందికి జరిపితే పాటంతా దాంతోపాటే కిందికి జరుగుతుంది, గొంతు అంత పైకి ఎక్కనక్కర్లేదు. సెట్టిగారిది అయిదు శ్రుతి. మగవాడు అయిదులో పై షడ్జం నిలబెట్టడమంటే మాటలు కాదు. ఆయన పాడేటప్పుడు జనం వైపు తిరిగి ఉంటాడు, నేను వెనక పక్కన. నా వేళ్ళు ఏ మెట్ల మీద ఉన్నాయో ఆయనకు కనపడదు. వారం వారం కాస్త కాస్త దించితే తెలియదు.

తబలా నరసింహాన్ని మాత్రం కలుపుకోవలసి వచ్చింది, తబలా కూడా ఆ శ్రుతికే కట్టాలి కదా. అతను వినీ వినగానే తల పట్టుకున్నాడు. "కొరివితో తల గోక్కోవడమే ఇది" అన్నాడు. అని, సుత్తి తీసుకుని తబలా దించాడు. మంచివాడు.

మొదటి శనివారం నాలుగున్నర పెట్టాను. ఆయన నోరు తెరిచేలోపల నా వీపంతా చెమటతో తడిసిపోయింది. ఇప్పుడు వెనక్కి తిరుగుతాడు, ఇప్పుడు చెంప పగలగొడతాడు అనుకుంటున్నాను. తిరగలేదు. మూడు వారాలయ్యాక నాలుగు. ఇంకో మూడు వారాలకు మూడు. నేను ప్రార్థన చేసుకునే మనిషిని. నోటితో అబద్ధం ఆడితే ప్రభువు క్షమిస్తాడేమో, వేళ్ళతో ఆడితే ఏమంటాడో గుళ్ళో ప్రసంగం చెప్పే ఏ అయ్యగారూ చెప్పలేదు. శనివారం వస్తుందంటే శుక్రవారం నుంచే నాకు అన్నం సయించేది కాదు. ప్రతి వన్స్‌మోర్‌కూ గుండె గుభేలుమనేది. ఆయన చివరి పాదం ఎత్తుకోగానే నేను ఆ మెడ వైపే చూసేవాణ్ణి. నరాలు అంతకు ముందులా ఉబ్బడం లేదు. అమ్మయ్య అనుకునేవాణ్ణి.

ఇక్కడే నేను తప్పు చేశాను. చేసింది గుళ్ళో అలవాటైన పనే. కాని గుళ్ళో ముసలమ్మలు కీర్తన అయిపోగానే ఇంటికి పోయి కూర పొయ్యి మీద పెడతారు. సెట్టిగారు అట్లాంటి మనిషా?

తొమ్మిదో వారం సోమవారం పొద్దున్నే ఆయన మా పల్లెకు వచ్చాడు. మొగుడూ పెళ్ళాం ఒకరి తరువాత ఒకరు మా పల్లె దారి పట్టడం, నా రాత! వస్తూనే నా భుజం మీద ఒక్కటి చరిచాడు.

"ఒరే శాంతా! గొంతు తిరిగొచ్చిందిరా!"

"ఏంది సెట్టిగారూ?"

"నీకు తెలియట్లేదా? పై షడ్జం వెన్న మాదిరి పోతాంది. ఇరవై ఏండ్లప్పుడు కూడా ఇంత సుళువుగా పోలేదు. ఆ కర్నూలు డాక్టరు పిచ్చోడు. మందులన్నీ కాలవలో పారేసినా. రోగం లేదు, ఏం లేదు, మెట్లెక్కినా ఆయాసం లేదు. దేవుడు చల్లగా చూసినాడురా!"

ఆయన ఇంకా చెబుతూనే ఉన్నాడు. వైశాఖంలో కొట్టం పెట్టి ఇరవై రెండేళ్ళు నిండుతాయి. ఒంగోలు వైపు పేరుమోసిన హార్మోనిస్టు, పాటగాడు కూడా అయిన కరుణాకరంగారికి ఉత్తరం రాసేశాడు. ఆ రోజు ముందు భాగం నేను వాయించాలి. గొప్ప పద్యం వేళకు కరుణాకరం కూర్చుంటాడు.

"ఆరు శ్రుతి పెట్టమని రాసినా" అన్నాడు. "అయిదులోనే ఇంత తేలిగ్గా ఉంటే ఆరు ఎంత? ఈ తాలూకాలో ఆరులో పాడిన మగోడు లేడు. రేపట్నుంచి మనదే ఆ పేరు."

మూడు నుంచి ఆరుకు! ఆ నరం పగలకుండా ఉంటుందా? మేము ఆయన్ని కాపాడుతున్నామనుకుని, చేయి పట్టుకుని నూతి గట్టుకు నడిపించాం.

ఆయన అటు పోగానే భ్రమరాంబమ్మ దగ్గరికి పరుగెత్తాను. దొడ్డి గుమ్మంలో నిలబడి సంగతంతా చెప్పాను. నిజం చెప్పేద్దామన్నాను. ఆమె రెండు చేతులూ అడ్డం తిప్పింది.

"నీకు ఆయన తెలీదా శాంతయ్యా? ఇంత మోసం జేసినామని తెలిస్తే పంతానికి ఆరు కాదు, ఏడులో పాడతాడు. పాడి చూపిస్తాడు. చెప్పొద్దు."

"చెప్పకపోతే?"

ఆమె దొడ్డి తలుపు వేసేసుకుంది. కక్కలేక మింగలేక నేను మూడు వారాలు తిరిగాను. నాలుగుసార్లు ఆయన దుకాణం దాకా పోయి, ఉప్పు కొనుక్కుని తిరిగొచ్చాను. "ఇంట్లో ఉప్పు వీశెలకు వీశెలు పేరుకుంటాంది, ధైర్యం మాత్రం తులమన్నా రాలా" అంది ఎలీషబా. ఆఖరికి కరుణాకరాన్నే బతిమాలుకుందామనుకున్నాను. ఆయన వచ్చే రోజు రైలు ఆలస్యమై, దిగడమే కొట్టం దగ్గర దిగాడు.

ఆ శనివారం వచ్చిన జనం లోపల పట్టక, కిటికీల్లోంచి, చూరు పట్టుకుని వేలాడుతూ చూస్తున్నారు. మొదట నేను కూర్చున్నాను. మూడు శ్రుతి. కరుణాకరం పట్టుపంచె సర్దుకుని నా పక్కనే పీట మీద కూర్చున్నాడు. సెట్టిగారు మొదటి పద్యం ఎత్తుకోగానే ఆ మహానుభావుడు వంగి నా వేళ్ళ వైపు చూశాడు. దొంగకు తేలు కుట్టినట్టయింది నాకు.

"ఇదేం శ్రుతయ్యా? మామూలుగా అయిదులో పాడతానని రాశారే" అన్నాడు చెవిలో.

వాయిస్తూనే చెప్పాను. డాక్టరు, బుడగ, పగలడం, అన్నీ. ఏం చెప్పానో, ఎంత చెప్పానో. "మీరు కూడా మూడే పెట్టండయ్యా, ఆయనకు తెలీదు, మీకు పుణ్యముంటాది" అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "శ్రుతి విషయంలో నేను ఎవరికీ అబద్ధం ఆడలేదు. ఆయన ఆరు అడిగాడు, నేను ఆరే ఇస్తాను. ఆయన రోగం సంగతి ఆయనకు తెలియదా?" అన్నాడు. పేరుమోసిన వాళ్ళ నిజాయితీ ఇట్లా ఉంటుంది. పక్కవాడి ప్రాణం మీద నిలబడి నిటారుగా ఉంటుంది.

విరామం తరువాత నేను లేచాను, ఆయన కూర్చున్నాడు. కాలి హార్మోనియం అది, రెండు పాదాలతో చెక్కలు తొక్కుతుంటేనే గాలి అంది మోగుతుంది. ఆరు శ్రుతి పలికింది. నరసింహం బిక్కమొహం వేసుకుని తబలా బిగించాడు. అరుగు పక్క కట్టిన తెర సందులోంచి భ్రమరాంబమ్మ కళ్ళు కనపడుతున్నాయి. ఆడవాళ్ళ వైపు చాపల మీద కూర్చోక అక్కడ నిలబడింది.

సెట్టిగారు పద్యం ఎత్తుకున్నాడు. మొదటి మాటకే గొంతు ఎక్కడో తట్టుకుంది. ఆయన కనుబొమలు పైకి లేచాయి, ఏమిటిది అన్నట్టు. అయినా ఆపలేదు, పట్టుదల మనిషి కదా, తోసుకుంటూ ఎక్కాడు. మొదటి పాదం. మెడ నరాలు లేచాయి. రెండో పాదం. మొహం ఎర్రబడి, తరువాత నల్లబడింది. జనం హో అని అరిచారు. మూడో పాదంలో ఎడమ చెయ్యి పైకి వచ్చి ఛాతీ మీద వాలింది. అది అభినయమనుకున్నారు జనం. ఇరవై రెండేళ్ళలో ఆ పద్యానికి ఆయన చెయ్యి అక్కడికి ఏనాడూ రాలేదు.

ఊపిరి తీశాడు. నాలుగో పాదం. ఇంక పై షడ్జమే.

నేనేం చేశానో నాకు సరిగా తెలియదు. తరువాత నరసింహం చెప్పాడు. పాముని చూసినవాడిలా కేక వేసి, హార్మోనియం కిందికి దూరి, కరుణాకరం రెండు కాళ్ళూ పట్టుకుని చెక్కల మీంచి లాగేశానట. ఆయన పీటతో సహా వెల్లకిలా పడ్డాడు. హార్మోనియం మూలిగి ఆగిపోయింది. సెట్టిగారి గొంతు ఒక్కటే గాల్లో నిలబడి, తడబడి, అదీ ఆగింది.

కొట్టంలో పాట మధ్యలో హార్మోనియం ఆగడం అదే మొదటిసారి. జనం రేకులు ఎగిరిపోయేట్టు అరిచారు. "ఎవుడ్రా వాడు! పల్లెవాడికి అంత పొగరా! లాగండ్రా బయటికి!" చెప్పు ఒకటి వచ్చి నా చెవి మీద తగిలింది. నేను హార్మోనియం కింద ముడుచుకుని, కరుణాకరం కాళ్ళు వదలకుండా, ఏడుస్తున్నాను. మొదటిసారి బయటపడింది నా కోపం.

"కొట్టండి! సంపండి! సెట్టిగారూ, నీ గొంతు తిరిగి రాలా! నేను దించినా! పన్నెండు వారాలు వాయించింది అయిదు కాదు! నాలుగున్నర, నాలుగు, మూడు! గుళ్ళో ముసలమ్మలకు దించినట్టు దించినా! నీ నరం అట్లనే ఉంది, నీ రోగం అట్లనే ఉంది! ఇంక పాడుకో, పాడి సావు! నాకు చేతగాదు చూసేది!"

అరుపులు తగ్గిపోయాయి. ముందు వరుసలవాళ్ళు విన్నది వెనక వరుసలకు పాకింది. ఆయన మెల్లగా నా వైపు తిరిగాడు. కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"మూడా?" అన్నాడు.

"మూడే."

"నాకు తెలీలేదే."

"తెలీకుండా చేసినా సెట్టిగారూ."

ఆయన ఇంకా ఛాతీ మీద నుంచి చెయ్యి తీయలేదు. నేను ఎరిగిన మనిషి ఆ మొహంలో లేడు. అరుగు మీద కూలబడబోయాడు. నేను కరుణాకరం కాళ్ళు వదిలి ఆయన్ని పట్టుకున్నాను. తెర వెనకనుంచి భ్రమరాంబమ్మ వచ్చి రెండో పక్క పట్టుకుంది, అంతమంది మగవాళ్ళ ఎదుట, కొంగు జారినా చూసుకోకుండా.

లేచి పంచె దులుపుకుంటున్న కరుణాకరం వైపు సెట్టిగారు తల తిప్పాడు. "శనివారం ఆపొద్దయ్యా. మీరు పాడండి" అన్నాడు. గొంతు గాలికన్నా సన్నగా ఉంది. కరుణాకరం నా వైపు చూడలేదు. పీట సరిగ్గా వేసుకుని కూర్చున్నాడు.

వెనక గుమ్మంలోంచి బజారులోకి వచ్చాం. అంగళ్ళ ముందు దీపాలున్నాయి, జనం ఉన్నారు. సెట్టిగారి చెయ్యి నా మెడ చుట్టూ ఉంది. బజారంతా చూస్తోంది, చూడనీ. ఆయన గుండె చప్పుడు నా పక్కటెముకలకు తెలుస్తోంది, దడదడ, ఆగి, మళ్ళీ దడదడ. ప్రతి ఆగడానికీ నేను ఆగిపోతున్నాను. వెనక కొట్టంలో పాట మొదలైంది. ఆ శనివారమూ తప్పలేదు. నేను ఇది రాసేనాటికి ఇంకో ఆరేళ్ళు గడిచాయి, ఇంకా తప్పలేదు.

ఆ పాట విని ఆయన నిలబడ్డాడు. తన కొట్టంలో ఇంకొకడి గొంతు. తిరిగి వెళ్తానంటాడేమోనని భ్రమరాంబమ్మ ఆయన చేతిని గట్టిగా పట్టుకుంది. ఆయన కాసేపు విన్నాడు.

"పాడేటప్పుడు నాకెన్నడూ భయమెయ్యలేదురా శాంతా" అన్నాడు. "డాక్టరు చెప్పిన రోజు కూడా ఎయ్యలా. కొట్టంలో ఉంటే సావు కూడా లోపలికి రాదనుకున్యా. ఇప్పుడు ఏస్తాంది. చానా భయమేస్తాందిరా."

నాకు భయం గురించి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. "నడవండి సెట్టిగారూ" అన్నాను.

రెండడుగులు వేశాడు. నా భుజాన్ని పసిపిల్లాడిలా గట్టిగా పట్టుకున్నాడు.

"మెల్లగ నడువురా. మెల్లగ. నాకు బతకాలనుంది."